చిన్న జంతువుల గుండె రక్తప్రవాహానికి అయస్కాంత అనునాద చిత్రణ – కచ్చితత్వాన్ని పెంచే మార్గాలు

సారాంశం

పత్తి సాగు ప్రాంతాలలో పాలుతాగే వయసు గొర్రె, మేక పిల్లలలో గాసిపాల్ విషప్రభావం, దూడలలో గాలికుంటు వ్యాధి వలన కలిగే హృదయ కండర శోథ ఇప్పటికీ ఎక్కువగా శవపరీక్షలోనే బయటపడుతున్నాయి. జబ్బు ఎప్పుడు మొదలైనది, మేత మార్చిన తరువాత గుండె కోలుకొన్నదా లేదా అనే ప్రశ్నలకు శవపరీక్ష సమాధానం ఇవ్వలేదు. ప్రయోగశాలలో చిన్న జంతువుల గుండెలోని రక్తప్రవాహాన్ని ప్రాణంతో ఉండగానే పదేపదే కొలవగల సాధనం అయస్కాంత అనునాద చిత్రణ (ఎం.ఆర్.ఐ.). అయితే చిట్టెలుక గుండె పరిమాణం, వేగం ఈ కొలతను కష్టతరం చేస్తాయి. సంకేత బలం, గుండె లయతో సమన్వయం, వేగ సంకేతన, హృదయ కండర రక్తసరఫరా కొలత, మత్తు నిర్వహణ, ఫలితాల సరిచూపు అనే ఆరు అంశాలలో కచ్చితత్వాన్ని పెంచే పద్ధతులను ఈ వ్యాసం లెక్కలతో వివరిస్తుంది.

కీలక పదాలు: అయస్కాంత అనునాద చిత్రణ, హృదయ రక్తప్రవాహం, దశాభేద పద్ధతి, గాసిపాల్, చిట్టెలుక, జూలూరుపాడు

ఉపోద్ఘాతం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని జూలూరుపాడు మండలం ఖమ్మం మైదాన ప్రాంతానికి, భద్రాచలం అడవులకు నడుమ ఉన్నది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది ఖమ్మం జిల్లాలో భాగం. పత్తి, మిరప, వరి, మొక్కజొన్న పండే ఈ ప్రాంతంలో మేకలు, గొర్రెలు, పెరటికోళ్లు చిన్న, సన్నకారు రైతు కుటుంబాలకు చేతిలో ఉన్న నగదు వంటివి. పత్తి తీత ముగిసిన చేలలో మందలను మేపడం, పాడి పశువులకు పత్తి గింజలు గాని పత్తి చెక్క గాని పెట్టడం పత్తి మండలాలన్నింటిలో ఉన్న అలవాటే.

పత్తి మొక్కలోని వర్ణగ్రంథులలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. అది గింజలో స్వేచ్ఛారూపంలోను, ప్రోటీన్లతో బంధింపబడిన రూపంలోను ఉంటుంది. హాని చేసేది ముఖ్యంగా స్వేచ్ఛారూపం. ఎదిగిన నెమరువేసే పశువు రూమెన్‌లో గాసిపాల్‌లో చాలాభాగం ప్రోటీన్లతో బంధింపబడుతుంది కనుక అది కొంత మోతాదును తట్టుకొంటుంది. రూమెన్ ఇంకా రూపుదిద్దుకోని పిల్లలకు ఆ రక్షణ లేదు. వాటిలో గాసిపాల్ పేరుకొని హృదయ కండరం దెబ్బతింటుంది. నీరసం, ఆయాసం, మేత మానడం కనిపించినా కనిపించకపోయినా పిల్ల ఒక్కసారిగా చనిపోవచ్చు. శవపరీక్షలో ఛాతీలోను పొట్టలోను నీరు, విస్తరించిన గుండె, రక్తం నిలిచిన కాలేయం కనిపిస్తాయి.

గాలికుంటు వ్యాధి మరొక ఉదాహరణ. పెద్ద పశువులలో నోటిపుండ్లు, గిట్టలపుండ్లతో గుర్తించబడే ఈ వ్యాధి లేతదూడలలోను, గొర్రెపిల్లలలోను పుండ్లు పడకముందే గుండెను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. ఎర్రని కండరంపై తెల్లని, పసుపుపచ్చని చారలు ఏర్పడటం వలన పశువైద్యులు ఆ స్థితిని పులిచారల గుండె అంటారు. ఈ రెండు సందర్భాలలోను రైతుకు నష్టం జరిగిన తరువాతనే కారణం తెలుస్తున్నది.

విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఎంత చెక్క వరకు ప్రమాదం లేదు? మేత ఆపితే మిగిలిన పిల్లలు బ్రతుకుతాయా? బ్రతికినవి సరిగా ఎదుగుతాయా? వీటిలో చివరి రెండింటికి సమాధానం చెప్పాలంటే ఒకే జంతువు గుండెను మేత పెట్టకముందు, పెడుతున్నపుడు, మాన్పించిన తరువాత చూడవలసి ఉంటుంది. పిల్లల ఎదుగుదల, మందుల పరీక్ష, మోతాదుల నిర్ణయం వంటి మొదటి దశ పరిశోధనలకు చిట్టెలుక, ఎలుక, కుందేలు వాడబడతాయి. ఇవి నెమరువేసేవి కావు. గాసిపాల్ విషయంలో ఈ లోపమే కొంతవరకు ఉపయోగం కూడా అవుతుంది. రూమెన్ పనిచేయని గొర్రెపిల్ల గాసిపాల్‌కు ఒక్క పొట్ట గది ఉన్న జంతువువలె స్పందిస్తుంది. అయినప్పటికీ చిట్టెలుకలో వచ్చిన మోతాదును యథాతథంగా గొర్రెపిల్లకు సిఫారసు చేయరాదు. తుది నిర్ణయం గొర్రెపిల్లలపై జరిగిన పరీక్ష మీదనే ఆధారపడాలి.

సమస్య స్వరూపం: చిన్న గుండె, పెద్ద వేగం

ఒక్కొక్క జాతి గుండె ఏ వేగంతో పనిచేస్తుందో పట్టిక 1 చూపుతుంది. ఇవి సుమారు విలువలు. వయసు, జాతి, మత్తు ననుసరించి మారతాయి.

పట్టిక 1. వివిధ జీవులలో గుండె వేగం

| జీవి | నిమిషానికి స్పందనలు | ఒక స్పందన కాలం (మిల్లీసెకన్లు) |
|---|---|---|
| మానవుడు | 70 | 860 |
| గొర్రె | 80 | 750 |
| కుందేలు | 200 | 300 |
| ఎలుక | 350 | 170 |
| చిట్టెలుక | 500 | 120 |

మనిషి గుండె సుమారు 300 గ్రాములు, ఎలుక గుండె సుమారు 1 గ్రాము తూగుతాయి. చిట్టెలుక గుండె 0.15 గ్రాముకు మించదు. దాని ఎడమ జఠరిక గోడ మందం దాదాపు 1 మిల్లీమీటరు. బృహద్ధమని మొదలు వద్ద వ్యాసం 1.3 మిల్లీమీటర్ల సమీపంలో ఉంటుంది. శరీరమంతటిలోను ఉండే రక్తం 2 మిల్లీలీటర్లకు మించదు.

ఎం.ఆర్.ఐ. చిత్రంలోని ప్రతి చిన్న ఘనఖండాన్ని వాక్సెల్ అంటారు. సంకేతం ఆ ఖండంలోని నీటి ప్రోటాన్ల సంఖ్యకు అనులోమంగా ఉంటుంది. మనిషి గుండె చిత్రణలో వాక్సెల్ కొలత 1.5 × 1.5 × 8 మిల్లీమీటర్లు అనుకొంటే దాని ఘనపరిమాణం 18 ఘన మిల్లీమీటర్లు. చిట్టెలుక గుండెను అంతే వివరంగా చూడడానికి 0.15 × 0.15 × 1 మిల్లీమీటరు కావాలి. అనగా 0.0225 ఘన మిల్లీమీటరు. సంకేతం 800 రెట్లు తగ్గింది. గుండె ఏడు రెట్లు వేగంగా కొట్టుకొంటున్నందున చిత్రానికి దొరికే వ్యవధి కూడా ఏడో వంతుకు పడిపోయింది. చిన్న జంతువుల హృదయ చిత్రణలో జరిగిన అభివృద్ధి అంతా ఈ రెండు లోటులను పూడ్చే ప్రయత్నమే.

సంకేత బలాన్ని పెంచడం

1973లో పాల్ లాటర్‌బర్ అయస్కాంత అనునాదంతో మొదటి చిత్రాలను ప్రకటించాడు. ఆయనకు, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి లభించింది. ఆసుపత్రులలోని యంత్రాలు సాధారణంగా 1.5 లేదా 3 టెస్లా అయస్కాంతాలతో పనిచేస్తాయి. చిన్న జంతువులకు 4.7, 7, 9.4 టెస్లాల యంత్రాలు వాడబడుతున్నాయి. ప్రోటాన్ల అనునాద పౌనఃపున్యం ఒక టెస్లాకు 42.58 మెగాహెర్ట్‌జ్ చొప్పున పెరుగుతుంది కనుక 9.4 టెస్లా వద్ద అది 400 మెగాహెర్ట్‌జ్ అవుతుంది. సంకేతానికి, రొదకు మధ్య నిష్పత్తి కనీసం క్షేత్రబలానికి అనులోమంగా పెరుగుతుంది. 1.5 నుండి 9.4 టెస్లాకు మారితే లాభం సుమారు ఆరు రెట్లు. 800 రెట్ల లోటులో ఇది ఒక భాగం మాత్రమే.

రెండవ లాభం గ్రాహక కాయిల్ నుండి వస్తుంది. కాయిల్ ఎంత చిన్నదైతే, జంతువు ఛాతీకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలమైన సంకేతాన్ని అందుకొంటుంది. ఆసుపత్రి యంత్రంలోని పెద్ద కాయిల్‌తో చిట్టెలుకను చిత్రించడం గుండిగలో పోసిన నీటిని చెంచాతో కొలవడం వంటిది. నాలుగు చిన్న కాయిళ్లను ఛాతీ చుట్టూ అమర్చితే సంకేతం పెరగడమే కాక, ఒక్కొక్క కాయిల్ ఒక్కొక్క దిశ నుండి చూస్తుంది కనుక కొలతల సంఖ్య తగ్గించి కూడా చిత్రాన్ని పునర్నిర్మించవచ్చు. కాయిల్‌ను అతిశీతల స్థితిలో ఉంచితే అది తానుగా పుట్టించే రొద తగ్గుతుంది.

మూడవది సగటు. కొలతను నాలుగుసార్లు చేసి సగటు తీస్తే నిష్పత్తి రెండింతలు మాత్రమే అవుతుంది. మూడింతలు కావాలంటే తొమ్మిది సార్లు కొలవాలి. మత్తులో ఉన్న చిట్టెలుక గంటల తరబడి ఒకే స్థితిలో ఉండదు కనుక సగటును చివరి ఆధారంగానే వాడాలి. ముందుగా కాయిల్, తరువాత క్షేత్రం, ఆ తరువాత సగటు అన్నది ప్రణాళికలో పాటించదగిన వరుస.

గుండె లయతో సమన్వయం

కదులుతున్న గుండెకు ఒక్క క్షణంలో చిత్రం పూర్తికాదు. ప్రతి స్పందనలో కొన్ని కొలతలు మాత్రమే తీసి, వందల స్పందనల నుండి వచ్చిన కొలతలను కూర్చి ఒక స్పందన చిత్రంగా మలుస్తారు. అందుకు ప్రతి కొలత గుండె ఏ దశలో ఉండగా తీయబడినదో తెలియాలి. సాధారణంగా ఇ.సి.జి. లోని ఆర్ తరంగం ఈ గుర్తును ఇస్తుంది.

అయితే బలమైన అయస్కాంతంలో ఇ.సి.జి. వికృతమవుతుంది. రక్తం విద్యుద్వాహకం. అది అయస్కాంత క్షేత్రంలో ప్రవహించినపుడు స్వల్ప విద్యుత్పీడనం పుడుతుంది. రక్తం బృహద్ధమనిలోకి ఎగజిమ్మే సమయంలో ఇది అత్యధికంగా ఉండి టి తరంగం మీద కలుస్తుంది. ఫలితంగా టి తరంగం ఆర్ తరంగమంత ఎత్తుగా కనిపించి యంత్రం ఒకే స్పందనను రెండుగా లెక్కపెట్టవచ్చు. ప్రవణత కాయిళ్లు మారే ప్రతిసారి పుట్టే విద్యుత్ అలజడి దీనికి తోడవుతుంది. ఎలక్ట్రోడ్ తీగలను పొట్టిగా ఉంచి ఒకదానితో ఒకటి మెలివేయడం, ఉచ్చులుగా పడకుండా చూడడం, వడపోత వాడడం మొదటి జాగ్రత్తలు.

ఇంతకంటె నమ్మకమైన మార్గం స్వయం సమన్వయం. ప్రతి కొలతతో పాటు చిత్ర సమాచార కేంద్రానికి చెందిన ఒక చిన్న సంకేతాన్ని మళ్లీమళ్లీ తీసుకొంటారు. గుండె నిండినపుడు, ఖాళీ అయినపుడు, ఊపిరి తీసినపుడు ఆ సంకేతం ఎత్తు మారుతుంది. వేగంగా మారే భాగం గుండెది, నెమ్మదిగా మారే భాగం శ్వాసది. కొలత ముగిసిన తరువాత ఈ రెండింటిని వేరుచేసి, శ్వాస కదలికలో పడిన కొలతలను తొలగించి, మిగిలిన వాటిని గుండె దశల ప్రకారం సర్దుతారు. ఎలక్ట్రోడ్లు లేకుండానే చిత్రణ సాధ్యమగుట దీని ప్రయోజనం. కొలతలలో కొంత భాగం వృథా కావడం దీని ఖర్చు.

దశాభేద పద్ధతి: ప్రవాహ వేగాన్ని కొలవడం

1982లో పాల్ మోరాన్ ప్రతిపాదించిన వేగ సంకేతన భావన నేటి రక్తప్రవాహ చిత్రణకు పునాది. ప్రవణత క్షేత్రాన్ని ముందు ఒక దిశలో, వెంటనే అంతే బలంతో వ్యతిరేక దిశలో ఇస్తే, కదలని కణజాలంలోని ప్రోటాన్ల దశ మొదటికి వస్తుంది. ఆ వ్యవధిలో చోటు మారిన రక్తంలోని ప్రోటాన్లకు మాత్రం కొంత దశ మిగిలిపోతుంది. మిగిలిన దశ వేగానికి అనులోమం. రెండు వేర్వేరు ప్రవణతలతో రెండు కొలతలు తీసి తీసివేస్తే వేగం వలన వచ్చిన దశ మాత్రమే మిగులుతుంది.

దశను 180 డిగ్రీల వరకే నిస్సందేహంగా గుర్తించగలము. 180 డిగ్రీలకు సరిపోయే వేగాన్ని వేగ సంకేతన హద్దు అంటారు. దీనిని ప్రయోగకర్త ముందే నిర్ణయించాలి. చిట్టెలుక బృహద్ధమనిలో గరిష్ఠ వేగం సెకనుకు 100 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది కనుక హద్దును 150 సెంటీమీటర్లుగా పెట్టారనుకొందాం. 120 డిగ్రీల దశ వచ్చిన చోట వేగం 100 సెంటీమీటర్లు. జబ్బు వలన కవాటం ఇరుకై వేగం 180 సెంటీమీటర్లకు పెరిగితే దశ 216 డిగ్రీలు అవుతుంది. యంత్రం దానిని మైనస్ 144 డిగ్రీలుగా చదివి, రక్తం సెకనుకు 120 సెంటీమీటర్ల వేగంతో వెనుకకు పోతున్నట్లు చూపుతుంది. చిత్రం మధ్యలో ఒక్కసారిగా నలుపు తెలుపుగా మారిన మచ్చ కనిపిస్తే ముందుగా ఈ దోషాన్నే అనుమానించాలి.

అలాగని హద్దును మరీ పెద్దగా పెట్టుట కూడా సరికాదు. వేగం కొలతలోని రొద హద్దుకు అనులోమంగాను, సంకేత-రొద నిష్పత్తికి విలోమంగాను ఉంటుంది. నిష్పత్తి 20, హద్దు 150 సెంటీమీటర్లు అయినపుడు ఒక్కొక్క పిక్సెల్‌లో అనిశ్చితి సెకనుకు సుమారు 3.4 సెంటీమీటర్లు. హద్దును 300కు పెంచితే అది 6.8 అవుతుంది. వేగం తక్కువగా ఉండే వ్యాకోచ దశలో అంత అనిశ్చితి అసలు కొలతనే కప్పివేయగలదు. ముందుగా తక్కువ వివరంతో ఒక త్వరిత చిత్రం తీసి గరిష్ఠ వేగాన్ని చూసి, దానికి నాలుగోవంతు నుండి సగం వరకు ఎక్కువగా హద్దును నిర్ణయించడం మంచి పద్ధతి.

వేగం నుండి ప్రవాహ పరిమాణం ఎలా వస్తుందో చూద్దాం. ధమని వ్యాసం 1.3 మిల్లీమీటర్లయితే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 1.33 చదరపు మిల్లీమీటర్లు. స్పందన కాలమంతటిలో సగటు వేగం సెకనుకు 150 మిల్లీమీటర్లు అనుకొంటే సెకనుకు 200 ఘన మిల్లీమీటర్లు, అనగా నిమిషానికి 12 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. నిమిషానికి 480 స్పందనలైతే ఒక్కొక్క స్పందనకు 25 మైక్రోలీటర్లు. ఇది ఒక వానచినుకంత పరిమాణం.

ఇక్కడ అసలు ప్రమాదం వేగంలో కంటే వైశాల్యంలో ఎక్కువ. ధమని అంచును గుర్తించడంలో పొరబడి వ్యాసాన్ని 1.4 మిల్లీమీటర్లుగా తీసుకొంటే వైశాల్యం 16 శాతం పెరుగుతుంది. 0.2 మిల్లీమీటర్ల పిక్సెల్‌తో చిత్రం తీస్తే ధమని అడ్డంగా ఆరేడు పిక్సెళ్లే ఉంటాయి. ఒక్క అంచు పిక్సెల్‌ను చేర్చడం, విడవడం ఫలితాన్ని మార్చివేస్తుంది. అందువలన పిక్సెల్‌ను 0.1 మిల్లీమీటరుకు తగ్గించుట, చిత్రతలాన్ని ధమనికి లంబంగా అమర్చుట, అంచును ప్రతి దశలోను విడివిడిగా గీయుట అవసరం. జంతువు ఏ వర్గానికి చెందినదో తెలియని వ్యక్తి అంచులు గీయాలి.

కాలపరిమితి మరొక అడ్డంకి. ఒక్కొక్క కొలతకు 5 మిల్లీసెకన్లు పడితే, వేగానికి రెండు కొలతలు కావాలి కనుక ఒక దశకు 10 మిల్లీసెకన్లు అవుతుంది. 120 మిల్లీసెకన్ల స్పందనలో 12 దశలే దొరుకుతాయి. మూడు దిశలలోను వేగం కావాలంటే నాలుగు కొలతలు, 20 మిల్లీసెకన్లు, కేవలం ఆరు దశలు. రక్తం ఎగజిమ్మే శిఖరం అంతకంటె వేగంగా దాటిపోతుంది కనుక శిఖర వేగం తక్కువగా నమోదవుతుంది. ఈ నాలుగు కొలతలను ఒకే స్పందనలో కాక వేర్వేరు స్పందనలలో తీసుకొంటే దశకు 5 మిల్లీసెకన్లే చాలును. అందుకు గుండె లయ స్థిరంగా ఉండాలి.

మొత్తం సమయం కూడా లెక్కలోకి వస్తుంది. 128 గీతలు, 32 పొరలు, నాలుగు వేగ సంకేతనలు కలిసి 16,384 స్పందనలు. నిమిషానికి 500 చొప్పున సుమారు 33 నిమిషాలు. శ్వాస కదలిక వలన మూడో వంతు తొలగిస్తే 49 నిమిషాలు. 2007లో లస్టిగ్, డొనోహో, పాలీ ఎం.ఆర్.ఐ.కి అన్వయించి చూపిన సంకుచిత గ్రహణ పద్ధతి ఇక్కడ తోడ్పడుతుంది. చిత్రంలో చాలా భాగం పునరావృత సమాచారమే కనుక కొలతలలో నాలుగో వంతు మాత్రమే, అది కూడా క్రమం లేకుండా ఎంచి తీసుకొని, మిగిలినది గణితంతో పూరిస్తారు. 49 నిమిషాలు 12 నిమిషాలకు తగ్గుతాయి. మితిమీరి తగ్గిస్తే శిఖర వేగం నున్నబడి తక్కువగా కనిపిస్తుంది కనుక ఎంతవరకు తగ్గించవచ్చునో ముందుగా పూర్తి కొలతతో పోల్చి నిర్ణయించాలి.

ప్రవణత క్షేత్రాలు మారినపుడు అయస్కాంతపు లోహభాగాలలో సుడివిద్యుత్తు పుట్టి కదలని కణజాలానికి కూడా దొంగ వేగాన్ని అంటగడుతుంది. ఛాతీ గోడ కండరంలో వేగం సున్నా రావాలి. అక్కడ వచ్చిన విలువను బట్టి చిత్రమంతటికి దిద్దుబాటు చేయుట తప్పనిసరి.

హృదయ కండరానికి రక్తసరఫరా

గాసిపాల్ వంటి విషాలు దెబ్బతీసేది కండరాన్ని. బృహద్ధమనిలో ప్రవాహం తగ్గకముందే కండరంలోని సూక్ష్మనాళాలలో సరఫరా మారవచ్చు. దీనిని కొలవడానికి మనిషిలో గడోలినియం ఆధారిత మందు ఎక్కించి మొదటిసారి గుండె గుండా పోయే తీరును చూస్తారు. చిట్టెలుకలో ఆ మందు కొద్ది సెకన్లలోనే దాటిపోతుంది. దాని తోకసిరలో ఎక్కించగల ద్రవం కూడా అతి తక్కువ.

ఇందుకు ప్రత్యామ్నాయం ధమనీ రక్త గుర్తింపు పద్ధతి. 1992లో ఎలుక మెదడుపై మొదట చూపబడిన ఈ పద్ధతిలో బయటినుండి ఏ మందు అవసరం లేదు. రక్తంలోని నీటి ప్రోటాన్లనే రేడియో తరంగంతో తలక్రిందులు చేసి గుర్తుపెడతారు. ఒకసారి జంతువు ఛాతీ అంతటిని, మరొకసారి చూడవలసిన పొరను మాత్రమే తలక్రిందులు చేసి, రెండు సందర్భాలలోను కండరం అయస్కాంతత్వం కోలుకొనే కాలాన్ని కొలుస్తారు. పొరను మాత్రమే గుర్తుపెట్టినపుడు బయటినుండి గుర్తులేని తాజా రక్తం వచ్చి చేరుతుంది కనుక కోలుకోవడం త్వరగా జరుగుతుంది. ఎంత త్వరగా జరిగితే అంత సరఫరా ఉన్నట్లు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. మొత్తం గుర్తింపులో కోలుకొనే కాలం 1.40 సెకన్లు, పొర గుర్తింపులో 1.25 సెకన్లు, రక్తానికి 1.90 సెకన్లు, రక్తానికి కండరానికి మధ్య నీటి పంపక గుణకం గ్రాముకు 0.95 మిల్లీలీటరు అనుకొంటే సరఫరా ఒక గ్రాము కండరానికి నిమిషానికి 3.6 మిల్లీలీటర్లు వస్తుంది. ఇప్పుడు 1.25కు బదులు 1.27 సెకన్లుగా కొలిచారనుకొందాం. పొరపాటు రెండు శాతం కూడా లేదు. ఫలితం మాత్రం 3.6 నుండి సుమారు 3.1కు, అనగా 15 శాతం తగ్గుతుంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా మీద ఆధారపడిన కొలతలన్నింటికి ఈ బలహీనత ఉన్నది. అందువలన ఒక్కొక్క జంతువులో కనీసం మూడుసార్లు కొలిచి వాటి మధ్య తేడాను ఫలితంతో పాటు ప్రకటించుట సరియైన ఆచారం.

సరఫరాతో పాటు శక్తి నిల్వను కూడా అదే యంత్రంలో చూడవచ్చు. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. 1929లో వారు ఎ.టి.పి.ని కూడా వేరుచేసి ప్రకటించారు. ఆనాడు కండరాన్ని ముక్కచేసి రసాయనంతో తెలుసుకొన్న ఈ రెండు పదార్థాల నిష్పత్తి నేడు ఫాస్ఫరస్ అనునాద వర్ణపటంలో కొట్టుకొంటున్న గుండె నుండే లభిస్తున్నది. రక్తసరఫరా సరిగా ఉండి ఈ నిష్పత్తి పడిపోతే లోపం నాళాలలో కాక కండర కణాల శక్తి ఉత్పత్తిలో ఉన్నట్లు భావించవచ్చు. గాసిపాల్ ఏ దశలో దేనిని దెబ్బతీస్తుందో వేరుచేసి చెప్పుటకు ఈ జంట కొలత ఉపయోగకరం.

మత్తు, ఉష్ణోగ్రత, శ్వాస

యంత్రం ఎంత మంచిదైనా మత్తు సరిగా లేకపోతే కొలత చెడుతుంది. ఐసోఫ్లూరేన్‌ను 3 నుండి 4 శాతంతో మొదలుపెట్టి 1 నుండి 2 శాతం వద్ద నిలుపుతారు. గుండె నిమిషానికి 400 నుండి 500 సార్లు కొట్టుకొనేట్లు చూడాలి. కెటమిన్, జైలజిన్ మిశ్రమం గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది కనుక ప్రవాహ పరిశోధనలో అది వేరే ప్రశ్నకు సమాధానం ఇస్తుంది.

ఐసోఫ్లూరేన్ స్వయంగా హృదయ ధమనులను విస్తరింపజేస్తుంది. మోతాదు పెరిగితే కండరానికి రక్తసరఫరా పెరుగుతుంది. ఒక వర్గానికి 1.2 శాతం, మరొక వర్గానికి 2 శాతం ఇచ్చి రెండింటిని పోల్చితే కనిపించిన తేడా మేతది కాదు, మత్తుది. జబ్బుపడిన జంతువుకు తక్కువ మత్తే చాలును కనుక ఈ పొరపాటు తెలియకుండానే జరిగే అవకాశం ఉన్నది. వర్గాలన్నింటికి ఒకే శాతం, ఒకే వ్యవధి పాటించి, ప్రతి కొలత వద్ద మోతాదు, గుండె వేగం, శ్వాస, శరీర ఉష్ణోగ్రత నమోదు చేయాలి. చిట్టెలుక దేహం త్వరగా చల్లబడుతుంది. వెచ్చని నీరు ప్రవహించే పరుపుతో ఉష్ణోగ్రతను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపకపోతే గుండె వేగం తగ్గి కొలతలన్నీ పక్కదారి పడతాయి.

ఫలితాలను సరిచూచుట

కొలత సరియైనదని నమ్మడానికి మూడు పరీక్షలు అవసరం. మొదటిది నమూనా పరీక్ష. ధమని అంత సన్నని గొట్టంలో నీటిని సిరంజి పంపుతో తెలిసిన వేగంతో ప్రవహింపజేసి, చివర చిన్న పాత్రలో పట్టి, తూచి, యంత్రం చెప్పిన పరిమాణంతో పోల్చాలి.

రెండవది దేహంలోనే ఉన్న సమానత్వం. రంధ్రాలు లేని గుండెలో కుడివైపు నుండి ఊపిరితిత్తులకు పోయిన రక్తం, ఎడమవైపు నుండి బృహద్ధమనికి పోయిన రక్తం దాదాపు సమానంగా ఉండాలి. అలాగే ఎడమ జఠరిక నిండినపుడు 50, ఖాళీ అయినపుడు 22 మైక్రోలీటర్లు ఉంటే స్పందన పరిమాణం 28. బృహద్ధమనిలో హృదయ ధమనులు చీలిన తరువాత కొలిస్తే దానికంటె కొద్దిగా తక్కువ రావాలి. చాలా తక్కువ వస్తే కవాటం నుండి రక్తం వెనుకకు కారుతున్నదేమో చూడాలి. ఎక్కువ వస్తే కొలతలోనే తప్పున్నది.

మూడవది పునరావృతి. ఆరోగ్యంగా ఉన్న జంతువును నాలుగు రోజుల తరువాత మళ్లీ చిత్రించి తేడాను చూడాలి. ఆ తేడాకు మించిన మార్పునే మేత ప్రభావంగా పరిగణించాలి.

ఈ శ్రమకు నైతిక ప్రయోజనం కూడా ఉన్నది. రస్సెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిన మూడు సూత్రాలు జంతువులకు ప్రత్యామ్నాయం వెదకుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట. కొలతలోని చెదురును సగానికి తగ్గించగలిగితే అదే తేడాను నిరూపించడానికి నాలుగో వంతు జంతువులు చాలును. పాత పద్ధతిలో ప్రతి వారం కొన్ని జంతువులను చంపి గుండెను పరీక్షించవలసి వచ్చేది. చిత్రణలో అదే జంతువు తనకు తానే పోలిక అవుతుంది. భారతదేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1998 నాటి నియమాల ప్రకారం సంస్థాగత నైతిక సంఘం అనుమతి లేకుండా ఇటువంటి ప్రయోగం మొదలుపెట్టరాదు.

రాష్ట్రంలో అవకాశాలు, విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఇందుకు కావలసిన అనుభవం హైదరాబాదులో వేర్వేరు సంస్థలలో ఉన్నది. సి.సి.ఎం.బి.లో ఎన్.ఎం.ఆర్. సూక్ష్మచిత్రణ, వర్ణపట సౌకర్యం చిట్టెలుకల మెదడు జీవక్రియ పరిశోధనకు ఉపయోగపడుతున్నది. జాతీయ పోషకాహార సంస్థలో ఊబకాయపు ఎలుకల ప్రత్యేక సంతతులు పెంచబడుతున్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. మేత విశ్లేషణ ఒకచోట, జంతువుల పెంపకం మరొకచోట, చిత్రణ ఇంకొకచోట జరిగే ఉమ్మడి పరిశోధనకు ఇవి ఆధారం కాగలవు.

ఎం.ఆర్.ఐ. యంత్రం జూలూరుపాడుకు రాదు, రావలసిన అవసరమూ లేదు. ప్రయోగశాలలో అది కొలబద్దగా నిలిచి, పశువైద్యశాలకు తీసుకొనిపోగల అల్ట్రాసౌండ్ పరికరం ఏ మార్పును ఎంత నమ్మకంగా గుర్తించగలదో తేల్చాలి. గొర్రెపిల్ల గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకొన్నా చిట్టెలుక గుండె కంటె ఎంతో నెమ్మది. చిట్టెలుకలో కష్టపడి సాధించిన పద్ధతి గొర్రెపిల్లలో సులభమవుతుంది.

ఈలోగా క్షేత్రస్థాయిలో చేయదగిన పనులు ఉన్నవి. రూమెన్ ఎదగని రెండు నెలల లోపు పిల్లలకు పత్తి గింజలు, పత్తి చెక్క పెట్టవద్దని రైతులకు తెలపాలి. పిల్లలు ఆకస్మికంగా చనిపోయిన మందలలో వయసు, మేత, చెక్క తయారైన విధానం, ఎన్ని రోజులుగా పెడుతున్నారు, మందలో గాలికుంటు లక్షణాలున్నవా, టీకా వేయబడినదా అనే వివరాలను నమోదు చేసి, చెక్క నమూనాను భద్రపరచి పశువైద్యాధికారికి అందజేయాలి. చేలో వాడిన పురుగుమందు పేరు కూడా వ్రాయాలి. ఆర్గనోఫాస్ఫేటు మందులు గుండె లయను చెరుపగలవు కనుక గాసిపాల్‌తో వాటిని కలగలిపి చూడరాదు. ప్రయోగశాలలో ఏ మోతాదులను, ఎంతకాలం పరీక్షించాలో ఈ వివరాలే నిర్ణయిస్తాయి.

ముగింపు

చిన్న జంతువుల గుండె రక్తప్రవాహ చిత్రణలో కచ్చితత్వం ఒక్క పెద్ద అయస్కాంతంతో రాదు. ఛాతీకి సరిపోయే కాయిల్, నమ్మదగిన లయ సమన్వయం, తగిన వేగ హద్దు, సన్నని పిక్సెల్, స్థిరమైన మత్తు, దేహంలోని సమానత్వాలతో సరిచూపు అన్నీ కలిసినపుడే 25 మైక్రోలీటర్ల స్పందనలో మూడు నాలుగు మైక్రోలీటర్ల తగ్గుదలను నమ్మకంగా చెప్పవచ్చు. ఆ తగ్గుదల మేత మాన్పించిన తరువాత పూడుతుందో లేదో తెలిసిననాడు పత్తి మండలాల రైతుకు చెక్క విషయంలో ఇచ్చే సలహా, ఎంత పెట్టవచ్చు, ఎప్పుడు ఆపాలి, ఆపిన తరువాత ఎన్నాళ్లు కనిపెట్టి ఉండాలి అనే స్పష్టమైన అంకెలతో ఉంటుంది.